ఆగితే లేవదు

"ముందు ఒక్కమాట చెప్పండి. దీన్ని ఆపాల్సి వస్తుందా?" తలుపు పూర్తిగా తియ్యకముందే అడిగిందామె.

"లోపలికి రానివ్వండమ్మా. మిషను మొహం చూడకుండా ఏం చెప్పను?" అన్నాడు టెక్నీషియన్, సంచి భుజం మార్చుకుంటూ.

ఆక్సిజన్ మిషను నడవలో ఉంది. దాని గొట్టం, మూసి ఉన్న లోపలి గది తలుపు కిందనుంచి వెళ్తోంది. గురక పెట్టే మనిషిలా, ఒక లయలో బుసలు కొడుతోంది మిషను. ముందుగదిలో ఆమె తండ్రి, తుంటికి ఆపరేషనైన కాలు దిండ్ల మీద పెట్టుకుని పడుకున్నాడు. ఆసుపత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఆయన ఆ మంచం దిగలేదు.

"ఎవరే వచ్చింది?" అన్నాడాయన.

"మిషను చూడ్డానికొచ్చారు నాన్నా."

"జాగ్రత్తగా చూడమను. ఈ కొంపలో నీ తర్వాత పనిచేసేది అదొక్కటే."

టెక్నీషియన్ నవ్వుతూ మిషను ముందు కూర్చున్నాడు. తెర మీద పసుపు రంగు అక్షరాలు: సర్టిఫికెట్ గడువు ముగియనుంది.

"ఫోన్‌లో అప్‌డేట్ చెయ్యమన్నారు. చేశాను. అయినా పోలేదు" అందామె.

"పోదమ్మా. అప్‌డేట్‌తో మారేది పైనున్న ప్రోగ్రామ్. సర్టిఫికెట్లు దాని కింద, బోర్డులో ఉంటాయి. దేని దారి దానిదే. మీ బిల్డింగులో అద్దెకున్నవాళ్ళు ఎంతమంది మారినా, గేటు దగ్గర వాచ్‌మన్ వేరు కదా? మిషను ఆన్ చేసినప్పుడల్లా ఆ వాచ్‌మన్ ప్రోగ్రామ్ మీది ముద్ర చూసి లోపలికి వదలాలి. ఇప్పుడు అతని దగ్గరున్న నమూనా పాతబడుతోంది."

"పాతబడితే?"

"నడుస్తున్నంతసేపు ఏమీ కాదు. ఒక్కసారి ఆగిందో, మళ్ళీ లేవదు."

ఆమె వంగి, ప్లగ్గు గట్టిగా ఉందో లేదో చూసింది.

"ఎందుకొచ్చిన బాధ, కొత్త మిషను తీసుకోండి. ఆసుపత్రివాళ్ళు ఊరికే మారుస్తారు. డాక్టరుగారు ఒకసారి వచ్చి పేషెంటుని చూస్తే చాలు."

"వద్దండీ" అంది వెంటనే. తర్వాత గొంతు తగ్గించి, "అమ్మ కొత్తవాళ్ళని చూస్తే కంగారు పడుతుంది. ఈ శబ్దం మాకు అలవాటైపోయింది. దీన్నే బాగుచెయ్యండి" అంది.

అతను వైరు తగిలించి, ప్రోగ్రామ్ జోలికి పోకుండా, బోర్డులోకి కొత్త సర్టిఫికెట్ ఎక్కించాడు. తల ఎత్తాడు.

"ఇప్పుడు ఒకసారి ఆపి మళ్ళీ వెయ్యాలి. అమ్మగారికి సిలిండర్ పెట్టండి. నేను సాయం పట్టనా?"

"నేను పెట్టుకుంటాను. అలవాటే." ఆమె చిన్న సిలిండర్ ఎత్తుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. కాసేపటికి వచ్చి, "ఊఁ, ఆపండి" అంది.

మిషను బుస ఆగింది. వీధిలో ఎవరో సైకిలుకి స్టాండు వేసిన చప్పుడు ఇంట్లోకి వినిపించింది.

"ఏమైందే?" అన్నాడు తండ్రి.

"ఏం కాలేదు నాన్నా. ఆపి మళ్ళీ వేస్తున్నారంతే. అమ్మకి సిలిండర్ పెట్టాను."

"ఏమోయ్" అని లోపలి గది గోడ వైపు తిరిగి గట్టిగా అన్నాడాయన. "ఇన్నాళ్ళకి నీ గోల ఆగింది. నాకు కాస్త నిద్ర పట్టేట్టుంది."

ఆమె పెదవి కొరుక్కుంది. "నవ్వుతోంది నాన్నా అమ్మ."

"నవ్వుతుందిలే. నాతో మాట్లాడకుండా ఉండడానికి ఆవిడకిప్పుడు, ఎవరితోనూ మాట్లాడొద్దని డాక్టరు రాసిచ్చిన చీటీ కూడా దొరికింది."

టెక్నీషియన్ మీట నొక్కాడు. ఎర్ర దీపం వెలిగింది. మిషను కదల్లేదు. మళ్ళీ నొక్కాడు. అదే ఎరుపు.

"లేవట్లేదా?" ఆమె గొంతు సన్నబడింది. "లేవదన్నారు కదా. ముందే అన్నారు కదా. ఎందుకు ఆపనిచ్చానో నేను..."

"ఒక్క నిమిషమమ్మా."

"మీకు తెలీదు. అది నడవాలి. ఆ చప్పుడు లేకపోతే ఈ ఇంట్లో ఏమీ ఉండదు." మోకాళ్ళ మీద కూర్చుని, జ్వరం చూసినట్టు మిషను మీద అరచెయ్యి ఆనించింది.

అతను తెర మీద ఒక మూలకి చూసి నాలుక కరుచుకున్నాడు. "తేదీ! లోపలి బ్యాటరీ నీరసించి గడియారం వెనక్కి పోయింది. కొత్త సర్టిఫికెట్ చెల్లే రోజులు ఇంకా మొదలే కాలేదనుకుంటోంది ఇది." బ్యాటరీ మార్చి, తేదీ సరిచేసి మీట నొక్కాడు.

ఆకుపచ్చ దీపం. ఒక దగ్గు, ఒక గురగుర, తర్వాత పాత లయ.

ఆమె లేవలేదు. చెంగుతో మొహం అదుముకుని అలాగే ఉండిపోయింది. అతను చూడనట్టు వైర్లు చుట్టుకున్నాడు. కాసేపటికి, "టీ పెడతాను, తాగి వెళ్ళండి" అని వంటగదిలోకి వెళ్ళిపోయింది.

టెక్నీషియన్ ముందుగదిలోకి రాగానే పెద్దాయన వేలితో దగ్గరికి పిలిచాడు.

"ఇంక ఆగదుగా బాబూ?"

"కరెంటు పోయి ఆగినా మళ్ళీ లేస్తుందండీ. మీరు నిశ్చింతగా ఉండండి."

"నా సంగతి కాదయ్యా. మా అమ్మాయి తట్టుకోలేదు. ఇందాక దాని గొంతు విన్నావుగా?"

"విన్నానండీ. వాళ్ళమ్మని ఆవిడ చూసుకున్నట్టు ఎవరు చూసుకుంటారు?"

పెద్దాయన వంటగది వైపు చెవి పెట్టాడు. లోపల నీళ్ళ చప్పుడు, కప్పులు తీస్తున్న చప్పుడు. టెక్నీషియన్ మణికట్టు పట్టుకుని అతన్ని తన మీదికి వంచుకున్నాడు.

"నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడే మా ఆవిడ పోయిందని నాకు తెలిసిన సంగతి అమ్మాయికి చెప్పకు."