గొలుసు కొస

చెరువు నిండిన రోజే, కొత్త తెరచాప పడవ నీళ్ల నడిమధ్యకు చేరగానే హనుమంతప్ప లంగరు వదిలాడు.

నీళ్లు లేని ఏడాదంతా ఎండిన చెరువులో నిలిచిన ఆ పడవలోనే కూర్చుని, లంగరు గొలుసుకు నూనె రాసి, చిక్కు పడకుండా పెట్టెలో వరసలుగా పేర్చాడతను. ఇప్పుడది ఎక్కడా ఆగకుండా గలగలా జారింది. చివరి కొస కూడా ఎగిరి నీళ్లలో పడింది.

నూనె రాయడానికి విప్పిన కొసను తిరిగి పడవకు కట్టడం మరిచిపోయాడు!

ఉగాదికల్లా గొలుసు తేకపోతే పనిలోకి రావద్దన్నాడు పడవ యజమాని.

ఒడ్డున భార్య కళావతి తల కొట్టుకుంది. “బాయికాడ చిన్నపిల్ల కూడా తాడు కొస కాలికింద తొక్కిపెట్టుకుంటాది కదయ్యా!”

“దానికేముండాదే? ఎండాకాలానికి ఈ చెరువు ఎండకుండా యాడికి పోతాది? నడుచుకుంటా పోయి ఎత్తుకొస్తా” అని నవ్వాడు హనుమంతప్ప.

ఉగాది దగ్గర పడింది. చెరువు ఎండలేదు సరికదా, మళ్లీ మబ్బు పట్టింది. ఊళ్లో ఎవరూ ఎరగని వింత అది. జనమంతా కట్ట మీద చేరి, ఇంకా కురవమని గంగమ్మకు చేతులు జోడించారు.

హనుమంతప్ప కూడా జోడించాడు.

“ఇంగ చాలు తల్లీ, ఆ నంబులపూలకుంట ఊరి పక్కకు పో.”