గొంతు కలపండి

...లేదు, మేడ మీంచి కాదు. మెట్ల మీంచే. క్లాసులో అన్న ఆ వాక్యంలో ఉన్నవి మెట్లే. ఇప్పుడు ఎదురుగా ఉన్నవీ మెట్లే. చెప్పులు విప్పిన కాళ్ళకి గచ్చు చల్లగా తగులుతుంటే, ఆ అమ్మాయి కింద నిలబడి పై మెట్టు వంకే చూస్తోంది.

ఫ్రెంచి మేడమ్ భర్త పోయాడని తెలిసి క్లాసంతా పరామర్శకి వచ్చింది. ఇంతకుముందు ఎవరూ ఆ గుమ్మం తొక్కలేదు. అయినా పుట్టి పెరిగిన ఇల్లులా ఉంది. మేడమ్ ఉదాహరణలన్నీ ఇంట్లోంచే తెచ్చేది మరి. "సాహిత్యం, సంస్కృతి అన్నీ తర్వాత. ముందు నోరు తిరగాలి. మనసులో ఏది తిరుగుతుంటే అది చెప్పండి, నోరు దానంతటదే తిరుగుతుంది," అనేది. మా గొడుగు తలుపు వెనక ఉంది. మా ఆయన సిగరెట్లు బీరువా మీద దాస్తాడు. ఇలా ఫ్రెంచిలో ఒకసారి అని, చెయ్యెత్తి "రెపెతే!" అనేది. మళ్ళీ అనండి అని. వెంటనే క్లాసు క్లాసంతా గొంతు కలిపేది.

"గొడుగు చూడవే, తలుపు వెనకే ఉంది," పక్కనున్న స్నేహితురాలు చెవిలో గొణిగింది. దాన్ని అందరూ వసపిట్ట అంటారు. "బీరువా మీద చెయ్యి పెడితే సిగరెట్లూ దొరుకుతాయేమో."

"చావింట్లో ఏమిటా కూతలు? ఊరుకో."

సోఫాలో పోయినాయన అక్క ముక్కు చీదుకుంటోంది. "పొద్దున్నే పేపరు కోసం దిగుతున్నాడమ్మా తమ్ముడు. పై మెట్టు మీద నూనె ఒలికి ఉందట. వంటిల్లేమో కిందాయె. నూనెకి పైన ఏం పని, మీరే చెప్పండి!"

ఆ అమ్మాయి మళ్ళీ పై మెట్టు వంక చూసింది.

భర్త మెట్ల మీంచి పడ్డాడు. పై మెట్టు మీద నూనె ఒలికింది.

పోయిన వారం పాఠం. ఆయన బతికుండగా. అందరూ అరిచారు. అరిచేవాళ్ళకి అర్థం చెవికెక్కదు. ఎప్పటిలాగే ఊరికే పెదవులు కదిపి కూర్చున్న తనకి ఎక్కింది. క్లాసులో తన పేరు బెల్లం కొట్టిన రాయి.

"మనం ముందే అన్నాం," అంది నెమ్మదిగా.

"ఏమన్నాం?"

"నూనె. మెట్లు. పోయిన వారం."

"నాకేం గుర్తు లేదే. రోజూ వంద అరుస్తాం. ఒకవేళ అన్నామే అనుకో, పైన తథాస్తు దేవతలుంటారంటారుగా."

"తథాస్తు దేవతలు నూనె గిన్నె పట్టుకుని మెట్లెక్కుతారటే?"

"ఎవరెక్కారు?"

ఈసారి అడిగింది వసపిట్ట కాదు. వెనకే మేడమ్, చేతిలో మంచినీళ్ళ గ్లాసులతో. కళ్ళు పొడిగా ఉన్నాయి.

"ఏం లేదు మేడమ్."

మేడమ్ గ్లాసు అందించింది. "కిటికీ పక్కన కూర్చునేది నువ్వే కదూ? నీకు జ్ఞాపకశక్తి ఎక్కువే."

గ్లాసు అందుకుంటున్న ఆ అమ్మాయికి ఆ 'నువ్వు' ఒక్కటే వినిపించింది. నువ్వు అనేది ఇంట్లోవాళ్ళనే, పైవాళ్ళందరినీ మీరు అనాలి, అదీ ఫ్రెంచి మర్యాద అని మొదటి రోజునే చెప్పింది మేడమ్. ఇన్నాళ్ళలో ఒక్కరినీ నువ్వు అనలేదు.

ఆ పూట అన్నం సహించలేదు. చివరికి అన్నయ్యతో చెప్పింది. వాడు పగలబడి నవ్వాడు.

"పోలీసుల దగ్గరికెళ్ళి ఏమంటావే? క్లాసంతా కలిసి శాపం పెట్టామనా? అదీ ఫ్రెంచిలోనా? నోరు మూసుకుని పరీక్షలు రాసుకో. మార్కులు ఆవిడ చేతిలో ఉన్నాయి."

నోరు మూసుకోవడం ఎవరూ నేర్పక్కర్లేదు. దానికే భయం వేసింది. ఆ వాక్యం ఇప్పుడు బతికున్నది రెండు బుర్రల్లోనే. ఒకటి ఆవిడది. రెండోది తనది. ఆవిడ సొంత బుర్రలోంచి ఎలాగూ తీసేసుకోలేదు. ఇక తీసెయ్యడానికి మిగిలింది ఏ బుర్ర?

మేడమ్ మళ్ళీ క్లాసుకి వచ్చిన రోజు అందరూ లేచి నిలబడ్డారు. ఆవిడ కూర్చోమని సైగ చేసి, సానుభూతి మాటలు ఎవరి నోటా రాకముందే సుద్దముక్క తీసుకుంది.

"పాఠం చాలా వెనకబడింది. ఇవాళ కొత్త వాక్యం."

బోర్డు మీద రాయకుండానే అంది, ఒక్కో మాటా నిదానంగా.

కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి ఇక ఎప్పటికీ నోరు విప్పదు.

"రెపెతే!"

క్లాసు గొల్లున నవ్వింది. "ఇన్నాళ్ళూ విప్పిందెప్పుడు మేడమ్!" అన్నారెవరో వెనక బెంచీలోంచి. మేడమ్ కూడా నవ్వింది. నవ్వుతూనే చెయ్యి ఎత్తి ఉంచింది. అందరూ గొంతు కలిపారు. వసపిట్ట అయితే మోచేత్తో పొడుస్తూ మరీ అంది.

"మళ్ళీ," అంది మేడమ్. చూపు కిటికీ దగ్గరే ఉంది.

మళ్ళీ అన్నారు. ఆ అమ్మాయి పెదవులు కూడా అలవాటుగా కదలబోయాయి. పళ్ళు బిగబట్టి ఆపుకుంది. పోయినసారి అరిచింది నిజం కావడానికి వారం కూడా పట్టలేదు.

బెంచీ కిర్రుమంది. ఆ అమ్మాయి లేచి నిలబడింది.

"కూర్చో," అంది మేడమ్.

కూర్చోలేదు. భర్త మెట్ల మీంచి పడ్డాడు, పై మెట్టు మీద నూనె ఒలికింది అని, ఆ రోజు విన్నది విన్నట్టుగా ఫ్రెంచిలో అనేసి, అచ్చం మేడమ్‌లాగే చెయ్యెత్తింది.

"రెపెతే!"

ఎత్తిన చెయ్యి చూడగానే క్లాసంతా ఎప్పటి అలవాటు కొద్దీ గొంతెత్తింది. మెట్ల దాకా హోరుగానే వచ్చి, పై మెట్టు దగ్గర ఒక్కో గొంతూ తడబడి ఆగిపోతుంటే, నూనె దగ్గరికి చేరేసరికి బెల్లం కొట్టిన రాయి గొంతొక్కటే మిగిలింది.