ఆ గది అలాగే ఉంచారు

“ఈ ఇల్లు కట్టించిన ఉన్ని వ్యాపారి కూతురు పసిగుడ్డుగా ఈ గదిలోనే పోయింది. తల్లి బతికున్నంతకాలం ఇక్కడ దిండు కూడా జరపనివ్వలేదు,” అని నిరుపమ సందర్శకులకు ఇంగ్లీషులో చెబుతోంది.

న్యూజిలాండ్‌లో, డునెడిన్‌లోని ఆ విక్టోరియా కాలపు ఇంటికి 2005లో గైడుగా చేరినప్పటి నుంచి, ఈ మాట చెప్పేటప్పుడు ఆమె గదిలోని ఉయ్యాల వైపు చూడదు. తన ఇంట్లోనూ పుట్టబోయే బిడ్డ కోసం సర్దిన అలాంటి గది ఉండేది. ఆమె ఆసుపత్రి నుంచి ఒట్టి చేతులతో వచ్చేసరికి భర్త దుర్గేష్ దాన్ని ఖాళీ చేసేశాడు. అప్పటినుంచీ అతనితో ముక్తసరి మాటలే.

జూలై చలికి వాన కూడా తోడైందని ఆమెను తీసుకెళ్లడానికొచ్చిన దుర్గేష్, మొదటిసారి లోపలికొచ్చి అందరి వెనక నిలబడ్డాడు.

ఒక తెల్లావిడ ముచ్చటపడి అక్కడున్న ఉయ్యాలను వేలితో ఊపింది.

దుర్గేష్ ఒక్క అంగలో వెళ్లి దాన్ని పట్టుకున్నాడు.

“ఖాళీ ఉయ్యాల ఊపకూడదండీ,” అన్నాడు తెలుగులోనే.

ఆవిడ బిత్తరపోయింది. పాత చెక్క, విరుగుతుందని నిరుపమ సర్దిచెప్పి అందరినీ పక్కగదిలోకి పంపింది. అతని చెయ్యి ఇంకా ఉయ్యాల మీదే ఉంది.

“మరి మనది ఎవరికిచ్చేశారు?”

“ఇవ్వలేదు. మా ఆఫీసు స్టోర్‌రూంలో ఉంది.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చూస్తే తట్టుకోలేవనుకున్నాను.” అతను తలెత్తలేదు. “లంచ్ టైంలో నేను అక్కడే కూర్చుంటాను. తాడుతో కట్టేశాను నిరూ, కదలకుండా.”