కొబ్బరిచిప్పలో నీళ్లు

“...ఈ నెలంతా ఓ పూట వాన, ఓ పూట ఎండేనమ్మా. దోమల కాలం. ఆ కొబ్బరిచిప్పలో నీళ్లు పారబొయ్యి, లేకపోతే నీ పిల్లలకి అమ్మోరు పోస్తుంది,” అంది పెరట్లో కప్ప.

పిల్లలకోడి గబగబా పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంది.

చిప్ప అంచున కూర్చున్న దోమ నవ్వింది. “దీని బెకబెకలకి భయపడతావా వదినా? పారబోస్తే పిల్లలేం తాగుతాయి?”

అదీ నిజమేననిపించి కోడి చిప్పలోకి తొంగిచూసింది. సన్నటి పురుగులు తోకలాడిస్తున్నాయి.

“ఇవెవరి పిల్లలు?”

“నా పిల్లలే. రెక్కలు రాగానే నీ పిల్లల్తో ఆడుకోడానికొస్తాయి.”

కోడి వెనక్కి తిరిగి, పెంట గీకినట్టు కాళ్లతో ఒక్క గీకు గీకింది. చిప్ప బోర్లాపడింది.

పక్కనే కప్ప ఉందన్న సంగతి మర్చిపోయి, దోమ పోట్లాటకి కిందికి దిగింది. కప్ప నోరు మూసేలోపు అది అన్న ఆఖరి మాట:

“నా పిల్లలకి రెక్కలొచ్చేదాకా ఒక్క వారం ఆగలేకపోయావా వదినా.”