మూడుసార్లు తన్నితే

చినామికి లోకంలో అన్నిటికన్నా భయం, కిందింటివాళ్లు పైకొచ్చి తలుపు తట్టడం. అందుకే ఆ సోమవారం సాయంత్రం నేల కింద నుంచి మళ్లీ ఆ చప్పుడు వినగానే ఆమె చేతిలో గరిటె జారి మిసో చారులో పడింది.

ధన్. ధన్. ధన్.

"అమ్మా, బతికే ఉన్నారు" అన్నాడు నాలుగేళ్ల ఇబుకి. నెత్తిన చిల్లుల గిన్నె బోర్లించుకుని, గది మధ్యలో ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు.

"ఆ కాలు గట్టిగా దించావంటే నువ్వు బతకవు. మెల్లగా. ఇంకా మెల్లగా."

తప్పు వాళ్ల నాన్నది. పాత సామాన్ల కొట్లో 'తుప్పుదండు' డిస్కులు కనపడితే తొమోయా ఎగిరి గంతేసి తెచ్చాడు. నలభై ఏళ్ల కిందటి కార్టూన్ సీరియల్. దాని ఆటబొమ్మలు అమ్ముడుపోలేదని పందొమ్మిదో భాగంతో ఆపేశారు. ఇప్పుడు దాని పేరు కూడా ఎవరికీ తెలియదు. అందులో లోకమంతా బూడిదైపోయాక మిగిలినవాళ్లు నేల కింద దాక్కుంటారు. తుప్పు పట్టిన మరమనిషి ఒకటి పైన తిరుగుతూ, ఊరూరా ఆగి, నేలను మూడుసార్లు తన్నుతుంది. కింద ఎవరైనా బతికుంటే మూడుసార్లు కొట్టాలి.

ఇప్పుడు ఆ మరమనిషి ఇబుకి. ఊరి మైకులో ఐదు గంటల పాట మోగగానే వాడు డ్యూటీ ఎక్కుతాడు.

"ఆ దిక్కుమాలిన డిస్కులు ఎందుకు తెచ్చావసలు?" తొమోయా బూట్లు విప్పకముందే అందుకుంది చినామి.

"దిక్కుమాలినవా? ఆరో భాగం చూడు, వానలో అది ఒక్కతే..."

"కిందింట్లో ఉన్నది ఎవరనుకున్నావు? ఇసొగై గారు. మన ఏడో నంబరు భవనం సంఘానికి అధ్యక్షురాలు. కాగితాల చెత్తలో సీసా మూత వేశారని ఆ సంచీ తీసుకెళ్లి వాళ్ల గుమ్మంలోనే పెట్టొచ్చిన మనిషి. ఇప్పుడు చీపురుకర్రతో కొడుతున్నారు."

"నోరు తెరిచి ఏమీ అనలేదు కదా."

"అనరు. నోటీసు బోర్డులో రాస్తారు. 'కొన్ని ఇళ్లల్లో పిల్లల అడుగుల చప్పుడు' అని. కొన్ని ఇళ్లంటే మనదొక్కటే అని కుక్కపిల్లకి కూడా తెలుస్తుంది. నాలుగుసార్లు సర్కారు ఇళ్ల లాటరీలో పేరు వేస్తే దొరికిందీ ఇల్లు. ఇది పోతే వీణ్ణి వేసుకుని ఎక్కడికి పోతాం?"

"మూడు దెబ్బలకే ఇల్లు ఖాళీ చేయమంటారా?"

"మొదటి దెబ్బకే అర్థం చేసుకోవాలి. మూడు కొట్టించుకున్నాం."

మర్నాడు చినామి గదంతా దళసరి చాపలు పరిచింది. ఇబుకి కాళ్లకు రెండేసి జతల మేజోళ్లు తొడిగింది. డిస్కులు ఫ్రిజ్ మీదకెక్కాయి. ఐదు గంటల పాట మోగినప్పుడు వాడు కిటికీ దగ్గర కూర్చుని పెదవులు బిగించాడు.

"కిందవాళ్లు ఎదురు చూస్తారమ్మా."

"చూడనీ."

మూడు రోజులు ఇల్లు తలుపులు మూసిన గుడిలా ఉంది. శుక్రవారం చినామి అత్తగారికి ఫోన్ చేసింది.

"క్షమాపణకు బిస్కెట్లు పట్టుకెళ్లకు తల్లీ, తేలిగ్గా ఉంటాయి" అంది ఆవిడ. "యోకాన్ కొను. ఇటుకరాయిలా ఉంటుంది. ఎంత బరువుంటే అంత సిగ్గుపడ్డట్టు."

చినామి ఆ మిఠాయిలో అన్నిటికన్నా పెద్ద పెట్టె కట్టించుకుని, ఇబుకి చెయ్యి పట్టుకుని మూడో అంతస్తుకు దిగింది. బెల్లు నొక్కేలోగానే తలుపు తెరుచుకుంది. ఇసొగై గారు కోటు వేసుకుని, ఒక చెప్పు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. చినామి నడుము విరిగేలా వంగింది.

"మా వాడి వల్ల మీకు చాలా ఇబ్బంది..."

"మూడు రోజుల్నించి చప్పుడు లేదు."

"అవునండీ, చాపలు పరిచాం."

"ఎవరు పరవమన్నారు?" ఆవిడ గొంతు కూడా నోటీసు బోర్డులాగే ఉంది. "మీకేమైందో చూద్దామని నేనే పైకి బయల్దేరాను."

చినామి తలెత్తింది. ఆవిడ వెనక గోడ మీద, అద్దాల చట్రంలో, తుప్పు పట్టిన మరమనిషి ఒక కాలు ఎత్తి నిలబడి ఉంది.

"ఆ తుప్పుకు రంగులేసింది నేనే" అంది ఇసొగై గారు. "ఇరవై నాలుగేళ్ల పిల్లని అప్పుడు. సీరియల్ ఆపేసిన రోజు దాని కాలు అలా గాల్లోనే ఉండిపోయింది. దాన్ని చూశామన్నవాళ్లు ఈ నలభై ఏళ్లలో ఒక్కరూ తగల్లేదు. పోయిన నెల ఒక సాయంత్రం నా నెత్తి మీద మూడుసార్లు తన్నారు. జవాబివ్వకుండా ఎలా ఉంటాను?"

ఇబుకి అమ్మ వెనక నుంచి తొంగి చూశాడు. "నువ్వేనా బతికున్నది?"

"'మీరు' అనాలిరా" అంది చినామి.

"నేనే" అంది ఇసొగై గారు. "కానీ నాయనా, మూడోది మరీ తొందరగా తన్నుతున్నావు. దాని బరువు ఎనభై టన్నులు. కాలెత్తడానికే సగం రోజు పట్టాలి."

చినామి పెట్టె అందించింది. ఇసొగై గారు బరువు చూసి కనుబొమలెత్తింది.

"ఇంత సిగ్గుపడ్డారా. లోపలికి రండి, టీతో తిందాం. అసలు నేనే క్షమాపణ చెప్పాలి. సోమవారం మా చెల్లెలింటికి వెళ్లి రాత్రి అక్కడే ఉండిపోయాను. జవాబు రాలేదని పిల్లాడు అలిగి మానేశాడనుకున్నాను."

"సోమవారం జవాబొచ్చిందండీ" అంది చినామి.

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తర్వాత గోడల వంక, నేల వంక చూశారు. కాంక్రీటులో చప్పుడు ఎటునుంచి ఎటు పాకుతుందో ఎవరు చెప్పగలరు? ఆ సాయంత్రమే ప్రతి అంతస్తులోనూ అడిగి వచ్చారు. ఎవరూ ఒప్పుకోలేదు. రెండిళ్లల్లో తలుపే తీయలేదు.

ఏడో నంబరు భవనంలో ఉండేవాళ్లెవరైనా ఇది చదివితే, మీ పక్కింటి తలుపు ఒక్కసారి తట్టి చూడండి. అక్కడ ఇంకొకరు బతికి ఉన్నారు.