జీన్స్ పెళ్ళిగౌను

"గట్టిగా బిగించి కుట్టవే ఇనెస్! లేకపోతే దొరికిన మొగుడు కాస్తా జారిపోతాడు."

కుట్టుగది పెద్ద జోజెట్ మాటకు ఆడవాళ్ళంతా గొల్లున నవ్వారు.

ఇనెస్ సిగ్గుపడుతూనే తన తలలోంచి ఒక వెంట్రుక లాగి, ఎవరో గొప్పింటి పిల్ల పెళ్ళిగౌను అంచు మడతలో పెట్టి కుట్టేసింది. అలా చేస్తే ఏడాది తిరక్కుండా పెళ్ళవుతుందట. పారిస్‌లో ఖరీదైన గౌన్లు కుట్టి అమ్మే పెద్ద ఇళ్ళలో పెళ్ళికాని పనిపిల్లలకు ఇదో నమ్మకం.

గయెతాన్ రువెల్ ఒక్కడే నవ్వలేదు. గుమ్మం మీద పేరు అతనిదే. ఆ గౌన్ల ఇల్లు మాత్రం ఇప్పుడు అతని దగ్గర కొనుక్కున్నవాళ్ళది.

"జీన్స్ బట్టలు ఇక చాలు" అనేశారు వాళ్ళు. ఊళ్ళో కుర్రకారు ఎగబడి తొడుక్కునే అతని జీన్స్ కోట్లకు ఈ సాయంత్రం షోనే ఆఖరు. ఏం చెయ్యగలడు? అమ్మకం కాగితం మీద సంతకం పెట్టిన రోజే చేతులు కట్టేసుకున్నాడు.

ఒక్క కోరిక మిగిలింది. తన మొదటి జీన్స్ గౌను కుట్టిన మనిషి చెయ్యి పట్టుకుని జనానికి ఆఖరి దణ్ణం పెట్టాలి.

నలభై ఏళ్ళ కిందటి మాట. అప్పట్లో అతనొట్టి తిక్క కుర్రాడు. పట్టు గౌన్ల ఇంట్లో పెళ్ళికూతురికి జీన్స్ గుడ్డ అన్నాడు. "రేవులో కూలీలు కట్టే గుడ్డకి మేం సూది ఎత్తం" అని కుట్టేవాళ్ళంతా షో ముందురోజు లేచి వెళ్ళిపోయారు. కత్తిరించిన ముక్కల మీదే తల పెట్టి, ఏడ్చి ఏడ్చి నిద్రపోయాడు. తెల్లారి చూస్తే గౌను పూర్తయి బొమ్మకు తొడిగి ఉంది!

ఎవరో బయటి మనిషి జాలిపడి కుట్టారనుకున్నాడు. లేచి వెళ్ళిన ఆడవాళ్ళు తిరిగి పనికొస్తే, వాళ్ళను మాత్రం ఆ పొద్దున్నే వరసగా నిలబెట్టి పనిలోంచి తీసేశాడు.

ఆ గౌనుతోనే అతని దశ తిరిగింది.

"ఆ మనిషి ఎక్కడున్నా రావాలి" అని పోయిన వారం పేపర్లో వేయించాడు. వచ్చారు. సూదిలో దారం ఎక్కించడం రానివాళ్ళు కూడా వచ్చి నేనంటే నేనన్నారు. గయెతాన్‌కు మనుషులంటేనే రోత పుట్టింది.

అందుకే ఆ పాత గౌను ముందు ఒక ముసలామె కనబడేసరికి ఒళ్ళు మండిపోయింది. తలకు గుడ్డ కట్టుకుని, వంగి, అంచు తిరగేసి చిన్న కత్తెరతో కుట్టు విప్పుతోంది.

"ఎవరమ్మా నువ్వు? ముందా చెయ్యి తియ్యి!"

ఆమె ఉలిక్కిపడి నిలబడింది. కనుబొమ్మలు ఇంకా రాగిరంగులోనే ఉన్నాయి.

"ఏం లేదయ్యా. నాదొకటి ఇందులో ఉండిపోయింది. ఉందో లేదో చూసుకుపోదామని."

"నీదా? ఆహా! ఇంకొకత్తె దొరికింది. గౌను నువ్వే కుట్టావంటావు, అంతేగా?"

"నేనలా అన్లేదే."

"మరి విప్పి చూసేదేమిటి? కుట్టు కాపీ కొట్టడానికా?"

ఆమె చిన్నగా నవ్వింది. "కాపీ కొట్టేంత మంచి కుట్టు కాదు లెండి. చీకట్లో కుట్టింది, వంకర పోయింది."

గయెతాన్‌కు ఆ నవ్వే మండింది. "నా గౌనుకు వంకలు పెడతావా? ఎవరక్కడ? ఈవిణ్ణి బయటికి పంపండి!"

కాపలావాడు వచ్చి రెక్క పట్టుకున్నాడు. ఆమె గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి గౌను వంకే చూసింది. "బాగా దాచుకున్నారు, సంతోషం" అని వెళ్ళిపోయింది.

సాయంత్రం హాలు కిక్కిరిసిపోయింది. ఆఖరున పాత జీన్స్ గౌను తొడుక్కున్న పిల్ల తెర దగ్గరికి రాగానే జోజెట్ ఆపింది.

"ఉండవే, అంచు వేలాడుతోంది."

మోకాళ్ళ మీద కూర్చుని మడత సర్దబోయి ఆగిపోయింది.

"గయెతాన్ గారూ, ఒకసారి ఇటు రండి."

విప్పిన మడతలో, దారంతో పాటే కుట్టి ఉంది ఒక పొడుగాటి వెంట్రుక. రాగిరంగు.

"బయటివాళ్ళెవరూ అంచులో వెంట్రుక పెట్టరండీ" అంది జోజెట్ మెల్లగా. "ఇది ఈ ఇంట్లో కుట్టుపని చేసిన పెళ్ళికాని పిల్ల పనే."

గయెతాన్ వెనక గుమ్మానికి పరిగెత్తాడు.

"పొద్దున వచ్చినావిడ ఏదయ్యా?"

"మీరేగా సార్ పంపించెయ్యమన్నారు! మెట్రో మెట్లు దిగి వెళ్ళిపోయింది."

"పేరు? పేరేమైనా చెప్పిందా?"

"అడగనిచ్చారా మీరు?"

వీధి నిండా జనం. సగం మంది వీపుల మీద అతని కోట్లే. ఒక్కరికీ తలగుడ్డ లేదు. వర్షంలో అటూ ఇటూ తిరిగాడు. ఎవరినని పిలుస్తాడు, ఏ పేరుతో పిలుస్తాడు?

లోపలినుంచి చప్పట్లు. జోజెట్ వచ్చి భుజం పట్టుకుని తీసుకెళ్ళింది. అతను ఒక్కడే దీపాల వెలుగులో నిలబడ్డాడు. అందరూ లేచి చప్పట్లు కొడుతున్నారు. దణ్ణం పెట్టడానికి చేతులు లేవలేదు.

అప్పుడు గుర్తొచ్చింది, గౌను తయారైన ఆ పొద్దున వరసలో చివర, నిద్రలేక ఎర్రబడ్డ కళ్ళతో, పక్కనున్న తోటివాళ్ళను చూసి నోరు విప్పలేక నిలబడ్డ రాగిజుట్టు పిల్ల. "రాత్రంతా ఎవడితో తిరిగొచ్చావే?" అని, అందరికంటే ముందు ఆ పిల్లనే అతను బయటికి గెంటాడు.