దొరికిపోయిన చెవుడు

"సార్, ఈయన వద్దు. ఇంకొకల్లను పిలువుండ్రి," అంది అనసూర్య.

డాక్టర్ జలాలుద్దీన్ కళ్లజోడు తీసి కళ్లు నులుముకున్నాడు. రాత్రంతా రైల్లో కునుకు లేదు. చెవి పరీక్షలు నేర్చుకునే పిల్లలకు పరీక్ష పెట్టడానికి హైదరాబాదు నుంచి గోదావరిఖని దవాఖానకు రావడం, వచ్చిన ప్రతిసారీ ఇదే పాట వినడం. పిల్లలందరికీ సులువైన చెవులే కావాలి.

"పరీక్షలో పేషంటును నువ్వు ఏరుకోకూడదమ్మా. రేపు బడిలో చేరాక కూడా ఈ పిల్లాడు వద్దు, ఆ పిల్లాడు కావాలి అంటావా?"

"గట్ల కాదు సార్, ఈయన..."

"కూర్చోబెట్టు."

అనసూర్య ఆయన్ను కూర్చోబెట్టింది. స్టూలు మీద కూర్చున్న మనిషి పేరు ముత్యం. గనిలో పైకప్పు కూలకుండా కర్ర దుంగలు నిలబెట్టే టింబర్‌మన్. రెండు చెవులూ వినబడటం లేదని అర్జీ పెట్టుకున్నాడు.

బొగ్గు గనుల కంపెనీలో ఒక పద్ధతి ఉంది. ఒంట్లో బాగాలేక పనికి పనికిరాడని మెడికల్ బోర్డు తేలిస్తే, తండ్రి నౌకరీ కొడుక్కి వస్తుంది. ఆ పద్ధతి పుణ్యమా అని ఈ బొగ్గు ఊళ్లలో యాభై దాటిన మగవాళ్లకు ఉన్నట్టుండి చెవుడు పట్టుకునేది. కొందరిది నిజం, డ్రిల్లు మోతకు పాపం నిజంగానే పోయిన చెవులు. కొందరిది నాటకం.

ముత్యంది నాటకమే. పొద్దున వరండాలో వెనకనుంచి ఎవరో "చాయ్" అని కేకేస్తే టక్కున తల తిప్పాడు. డాక్టర్ చూశాడు. చూసే ఈ మనిషిని పరీక్షకు పిలిపించాడు. ఆ సంగతి అనసూర్యకు చెప్పలేదు. నాటకాన్ని పట్టుకుంటే ఆమె పాసు. కాలనీ బడిలో చెవిటి పిల్లల కోసం కొత్తగా తెరుస్తున్న గదిలో ఉద్యోగం ఆమెది. పట్టుకోలేకపోతే వచ్చే ఏడు మళ్లీ రాయాలి, ఉద్యోగం అప్పటిదాకా కూర్చుని ఉండదు.

అనసూర్య ముత్యం చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించింది. మిషన్ మీద చప్పుడు పెంచుకుంటూ పోయింది. వినబడితే చెయ్యి ఎత్తాలి. ముత్యం చెయ్యి తొడ మీదనుంచి లేవలేదు. వెనక్కి పోయి చప్పట్లు కొట్టింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. మనిషి ఘటికుడే అనుకున్నాడు డాక్టర్.

ఇక మిగిలింది మోత పరీక్ష. మనిషిని మాట్లాడమని చెప్పి, మాట్లాడుతుండగా హెడ్‌ఫోన్లలో హోరు పెడతారు. చెవులు పనిచేసేవాడు హోరును మించాలని తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. నిజంగా వినబడనివాడికి హోరూ లేదు, గొంతూ పెరగదు.

నీ పని గురించి చెప్పమని అనసూర్య సైగ చేసింది.

"ఏమున్నది, దుంగ పెడుతం. కప్పు బరువు దుంగ మీద పడుతది," అని ముత్యం మొదలుపెట్టాడు. హోరు పెరిగింది. గొంతు మాత్రం చింతపండు బేరం చేస్తున్నంత నిదానంగా ఉంది.

అనసూర్య మిషన్ ఆపేసి, ముత్యం చెవుల మీది హెడ్‌ఫోన్లు తీసింది. "వినవడదు అని రాస్త సార్."

"ఆలోచించుకున్నావా?"

"ఆలోచించుకున్న."

"అదే రాస్తే నిన్ను పాస్ చెయ్యలేను. బడి నౌకరీ మీద ఆశ వదులుకో."

"సరే సార్."

డాక్టర్‌కు ఒళ్లు మండింది. బతిమాలదు, వాదించదు. ఈ కాలం పిల్లలకు పట్టుదల లేదు. కానీ ఏడాదంతా ఈ దవాఖానలో కష్టపడ్డ పిల్ల. ఆయన మనసు ఒప్పలేదు.

"ఆఖరిసారి. మోత పరీక్ష మళ్లీ పెట్టు."

అనసూర్య ఇష్టం లేకుండానే లేచి హెడ్‌ఫోన్లు మళ్లీ తగిలించింది. ముత్యం మళ్లీ దుంగల కథ ఎత్తుకున్నాడు.

"కప్పు దిగుతాంటే దుంగ ముందుగాల మొత్తుకుంటది. కిర్రుమంటది. అది ఇరుగుతె ఇరుగుతది గని, దాని కింది మనిషి..."

హోరు పెరిగింది. ముత్యం గొంతు కూడా పెరిగింది.

"దాని కింది మనిషి బయటవడాలె! బయటవడాలె!"

ఆ అరుపుకు అటెండర్ ఎల్లేశం తలుపు తీసి తొంగిచూశాడు. డాక్టర్ బల్ల చరిచాడు.

"దొరికాడు! శభాష్!"

అనసూర్య గబగబా హెడ్‌ఫోన్లు తీసేసింది. "సార్, గిది లెక్కల పెట్టకుండ్రి. మిషన్ ఖరాబై ఉంటది."

"మిషన్ భేషుగ్గా ఉంది. వినబడుతోంది అని రాయి. ఆ కాగితమే బోర్డుకు పోతుంది."

"ఆయన కొడుకు నౌకరీ పోతది సార్."

"జాలిపడుతూ కూర్చుంటే ఈ పని చెయ్యలేవు బేటీ."

దొరికిపోయినవాళ్లను డాక్టర్ చాలామందిని చూశాడు. కాళ్లు పట్టుకుంటారు, శాపనార్థాలు పెడతారు. ముత్యం తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు.

"రాయవ్వా, నీ తప్పేమున్నది," అని నిమ్మళంగా బయటికి నడిచాడు.

అనసూర్య కళ్లు తుడుచుకుంటూ రాసింది. పాసైన సంతోషం కాబోలు అనుకుని డాక్టర్ సంతకం చేశాడు.

సాయంత్రం ఎల్లేశం ఆయన పెట్టెను రిక్షాలోకి ఎక్కించాడు. డాక్టర్‌కు ఒళ్లంతా బరువుగా ఉన్నా మనసు కాస్త తేలికపడింది.

"ఇద్దరు డాక్టర్లను బోల్తా కొట్టించాడట కదయ్యా ఆ ముత్యం! చివరికి ఒక ఆడపిల్ల చేతికి చిక్కాడు."

ఎల్లేశం పెట్టె మీద చెయ్యి అట్లాగే ఉంచి, ఆయన ముఖంలోకి చూశాడు.

"ఆ పిల్ల ముత్యం బిడ్డనే సార్."